మందసానికి నాలుగు ఉంగరాలు

ఈ ఉదయం షెడ్డు ముందు ట్రైలరు మీద పళ్లచక్రంతో బిగించిన బెల్టును చూపుడువేలితో మీటాను. 'ధుమ్' అని మోగింది. ఆ మోత బెల్టు పొడవునా పాకి, ఇనప పెట్టెలోకి దిగి, అక్కడే ఆగిపోయింది. కొత్త డ్రైవరు నావైపు వింతగా చూసి, "ఏం వింటున్నారండీ?" అన్నాడు. "శ్రుతి" అన్నాను. నవ్వాలో వద్దో తేల్చుకోలేక అతను టైర్లలో గాలి చూసే వంకతో అవతలికి వెళ్లిపోయాడు. నేను మరోసారి మీటాను. కాలువగట్టు మీద నుంచి తడిగడ్డి వాసన వస్తోంది. ఎదురుగా చర్చి మైకులో ఎవరో ఆదివారం పాట సాధన చేస్తున్నారు. ఆ పాటకీ ఈ మోతకీ మధ్య, కరుణమ్మ గారు నా భుజం వెనకే నిలబడి, "ఇంకో పన్ను ఎక్కించవే ఎస్తేరూ, ఇది ఇంకా బొంగురుగానే ఉంది" అన్నట్టు వినిపించింది. ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లి చాలా కాలమైంది. అయినా ఈ బెల్టు మీటినప్పుడల్లా ఒకసారి వచ్చి చూసి వెళతారు.

కరుణమ్మ గారిని ఎరగనివాళ్లకు ముందుగా ఆమె నవ్వు గురించి చెప్పాలి. అత్తిలిలో కాలువకు ఇవతల ఆమె షెడ్డు, అవతల మా చర్చి. ఆమె షెడ్డులో నవ్వితే చర్చి కప్పు మీద పావురాలు లేచేవి. షెడ్డుకు బోర్డు లేదు, అవసరం కూడా లేదు. రైసు మిల్లు బేరింగు అరిగినా, కోత మిషను గేరు పెట్టె పగిలినా, చేపల చెరువులో మోటారు మొరాయించినా, చుట్టుపక్కల ఊళ్లలో "కరుణమ్మకి ఫోన్ కొట్టండి" అనేవారు. చీర మీద భర్త పాత ఖాకీ చొక్కా వేసుకుని, కొంగు బొడ్డులో దోపి, మనిషంత ఎత్తు ఇంజను ముందు ఆమె నిలబడితే ఇంజనే కాస్త ఒదిగినట్టుండేది. ఆదివారం అదే మనిషి తెల్లచీరలో స్త్రీల సమాజం ముందు వరసలో లేచి సాక్ష్యం మొదలుపెడితే, పాస్టరు గారు గడియారం వైపు చూసి, తన ప్రసంగంలో సగం మనసులోనే కొట్టేసుకునేవారు. నేను ఆ చర్చి ఉపదేశి కూతుర్ని. మెకానికల్ డిప్లొమా చదివాను. ఇంటర్వ్యూకి వెళ్లిన చోటల్లా నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెడతామన్నారు. నాకేమో ఇంజన్లు కావాలి. ఆ మాటే ఆమెతో అంటే, "కంప్యూటరు లేదు గానీ, గ్రీజు డబ్బాలకి డబ్బాలుంది. ఎంత కావాలో పూసుకో" అని ఆ పూటే చొక్కా ఒకటి విసిరారు.

ఆ షెడ్డులో అందరికంటే పెద్దమనిషి ఒక పెట్టె. ఎర్రరంగు వేసిన ఇనప పెట్టె. నా ఛాతీ ఎత్తుండేది. ముందు వరసగా సొరుగులు, కింద నాలుగు రబ్బరు చక్రాలు, పక్కన తోయడానికి ఒక పిడి. స్పానర్లు, పుల్లర్లు, కొలత సామాన్లు అన్నీ అందులోనే. పని షెడ్డులో ఉంటే దాన్ని తోసుకుంటూ ఇంజను దగ్గరికి పోతాం. పని ఊళ్లో ఉంటే జీపు వెనక ట్రైలరు మీదికెక్కించి పెట్టెనే తీసుకుపోతాం. బయట షెడ్లలో అలాంటిదాన్ని టూల్ ట్రాలీ అంటారు. కరుణమ్మ గారు మాత్రం దాన్ని మందసం అనేవారు. బైబిలులో దేవుడి పది ఆజ్ఞల పలకలు దాచిన పెట్టె పేరది. మా సంఘంలో ఒక పెద్దాయనకి అది నచ్చలేదు. "దేవుని మందసం పేరు పానాల పెట్టెకేంటమ్మా? అపచారం కాదా?" అని చర్చి మెట్ల మీద నిలదీశారు. ఆమె ఏదో అనబోతుంటే, మా డ్రైవరు వీర్రాజు గారు జీపులోంచి తల బయటపెట్టి, "మందసం అంటే పెట్టేగదండీ! మా నాయనమ్మ మందసంలో ఇత్తడి బిందెలుండేవి. ఆవిడ దేవుడికి చెప్పకుండానే పెట్టుకుంది" అన్నాడు. వీర్రాజు గారు ప్రతి ఏడూ అన్నవరం కొండెక్కే భక్తుడు. మా సంఘపు పెద్దాయన అతనితో వాదించలేక, "సరే, పెట్టెలో దొంగసామాను మాత్రం పెట్టకండి" అని మెట్లు దిగిపోయారు. కరుణమ్మ గారి నవ్వుకి ఆ రోజు కూడా పావురాలు లేచాయి.

మందసంతో నేను మొదటిసారి బయల్దేరిన రోజు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. పెట్టెను ట్రైలరెక్కించి రెండు బెల్టులు వేశారు. నేను చొరవ చూపించాలనుకున్నాను. మా డెల్టాలో బీరువా తోలినా, ఫ్రిజ్జు తోలినా, పెళ్లి వంట గుండిగలు తోలినా, బండి వెనక ఒక మనిషి కూర్చుని సామాను పట్టుకోవడం ఆచారం. అలా కూర్చునేవాడే ఇంట్లో బాధ్యత తెలిసినవాడు. అందుకే ఎవరూ చెప్పకముందే ట్రైలరెక్కి, పెట్టె పక్కన చతికిలబడి, రెండు చేతులా దాన్ని వాటేసుకున్నాను.

"దిగు!" అని కరుణమ్మ గారు కేకేశారు. ఆ గొంతులో నవ్వు లేదు. "దిగవే పిల్లా! ఉజ్జావా నువ్వు?"

నేను దిగాను. ఆ పేరు ఆ సందర్భంలో వింటానని అనుకోలేదు. ఉజ్జా కథ ఉపదేశి కూతురికి ఒకరు చెప్పక్కర్లేదు. దావీదు జనమంతా వాయిద్యాలతో దేవుని మందసాన్ని కొత్త బండి మీద ఊరేగించి తెస్తుంటే, కళ్లం దగ్గర ఎడ్లకు కాలు జారుతుంది. మందసం పడిపోతుందేమోనని ఉజ్జా చెయ్యి అడ్డం పెడతాడు. అక్కడికక్కడే చనిపోతాడు. చిన్నప్పటి నుంచీ ఆ కథ నా గుండెలో ముల్లులా ఉండేది. మంచికి చెయ్యి చాపినవాణ్ణి దేవుడెందుకు కొట్టాడు? మా నాన్నగారిని అడిగితే "పరిశుద్ధమైనదాన్ని ముట్టకూడదమ్మా" అనేవారు. అది సమాధానమే. అయినా ముల్లు ఊడి రాలేదు.

ఆ రోజు ప్రయాణం కాసేపు ఆపేసి కరుణమ్మ గారు నన్ను షెడ్డు లోపలికి తీసుకెళ్లారు. అక్కడ ఆమె భర్త దేవదాసు గారు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఎప్పుడూ కుడిచేతిని చొక్కా జేబులో దాచుకుని, ఎడమచేత్తోనే అన్నీ చేసుకునే సౌమ్యుడు. "ఒకసారి చూపించండి" అన్నారామె. ఆయన జేబులోంచి చెయ్యి తీశారు. వేళ్లు నలిగి, ఒకదానికొకటి అతుక్కుపోయినట్టున్నాయి.

"మా చర్చిలో డోలక్ ఈయనదే" అన్నారామె. "ఈయన వాయిస్తే కునికిపాట్లు పడే ముసలాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టేవోరు. ఒకరోజు ఇదే పెట్టెని నైలాన్ తాడుతో, అదిగో ఆ పిడికి కట్టి తోలుతున్నాం. వెనకాల ఈయన కూర్చున్నాడు, నువ్వు కూర్చున్నావే, అచ్చం అలాగే. లాకుల దగ్గర వంతెన ఎక్కేటప్పుడు పిడి ఊడొచ్చింది. పెట్టె ఒరిగింది. ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు."

దేవదాసు గారు టీగ్లాసు కింద పెట్టి, "పెట్టె పడలేదులే" అన్నారు మెల్లగా.

"పడితే ఏమయ్యేదంట? సొట్ట పడేది! సొట్ట సుత్తితో తీస్తాం. చెయ్యి ఏ సుత్తితో తీస్తాం?" అని ఆయన్ని కసిరి, నావైపు తిరిగారు. "అప్పుడు సంఘంలో కొందరు దేవుడి శిక్ష అన్నారమ్మా. నేను ఆ ఉజ్జా కథ చదివీ చదివీ పేజీ చివికిపోయింది. అందులో నాకేం కనబడిందో చెప్పనా? భుజాల మీద మొయ్యమని దేవుడు ముందే చెప్పాడు. వీళ్లు కొత్తబండి మోజులో ఎక్కించేసి, పాడుకుంటా వాయించుకుంటా నడిచేరు. తప్పు ఎక్కించినోళ్లది. పోయింది చెయ్యి అడ్డం పెట్టినోడు. కట్టాల్సినోడు సరిగ్గా కట్టకపోతే మంచోడి చెయ్యే పోద్ది. అందుకే నా మందసం పక్కన మనిషి కూర్చోడానికి వీల్లేదు. చేత్తో పట్టుకోవాల్సొచ్చిందంటే అది కట్టినట్టు కాదు."

పండితులు ఆ వాక్యభాగానికి ఏ అర్థం చెబుతారో నాకు తెలుసు, అదీ గౌరవిస్తాను. కానీ ఆ మధ్యాహ్నం, డోలక్ మర్చిపోయిన ఆ చేతిని చూస్తూ విన్నాక, నా చిన్ననాటి ముల్లు ఊడొచ్చింది. దేవుడు చేతుల్ని ద్వేషించలేదు. చేతులు నలగకూడదనే ముందుగా ఒక పద్ధతి చెప్పాడు. ఆ వెంటనే నాకు ఇంకొకటి తట్టింది. పరిశుద్ధాత్మే తట్టించిందని నేను నమ్ముతాను.

"అమ్మగారూ, మందసానికి ఉంగరాలుండాలి కదండీ?" అన్నాను.

"ఏ ఉంగరాలు?"

"దేవుడు మందసం చెయ్యమన్నప్పుడు అడుగున నాలుగు మూలలా నాలుగు ఉంగరాలు పొయ్యమన్నాడు కదండీ. మోతకర్రలు దూర్చడానికి. మన పెట్టెకి ఒక్కటీ లేదు. అందుకే పిడికి కట్టాల్సొచ్చింది. పిడి తోయడానికే గానీ కట్టడానికి కాదు."

కరుణమ్మ గారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి అడుగున చెయ్యి పెట్టి తడిమారు. లేచి భర్తతో, "ఏవండీ, ఇన్నేళ్లూ నేను బండి గురించే చదివాను. ఈ పిల్ల పెట్టె గురించి చదివింది!" అని, నా నడ్డి మీద ఒక్కటి చరిచారు. సొరుగులన్నీ ఖాళీ చేయించారు. అప్పటికప్పుడు మందపాటి ఇనపకడ్డీ వంచి ఉంగరాలు చేసి, అద్దం పెట్టుకుని, పెట్టె అడుగు చట్రానికి నాలుగు మూలలా తానే వెల్డింగు చేశారు. చల్లారాక ఒక్కోదాన్ని సుత్తితో కొట్టి, ఇంజన్లెత్తే చైన్ బ్లాకుకి తగిలించి లాగి చూసి, "ఇప్పుడైంది మందసం" అన్నారు. సంఘంలోని ఆ పెద్దాయన సంగతి విని స్వయంగా చూడటానికొచ్చి, కాసేపు ఉంగరాన్ని పట్టుకుని గుంజి, "వాక్య ప్రకారమే ఉంది" అని ఒప్పుకుని వెళ్లారు. నాకు అదే పట్టాభిషేకం.

ఆ తర్వాత ఆమె నాకు నేర్పిన కట్టు విద్యను ఇక్కడ రాయకుండా ముందుకు పోతే ఆమె ఊరుకోరు. బరువైన సామాను కింది సొరుగుల్లో, తేలికది పైన. సొరుగులన్నిటికీ తాళం వేసి, దాని మీద అడ్డంగా మరో బెల్టు. "కుదుపు తగిలితే తాళం అబద్ధమాడుద్ది" అనేవారు. పెట్టెను వాలుగా వేసిన బల్ల మీద నుంచి పైకి ఎక్కించేటప్పుడు చేత్తో తిప్పే తాడు మిషనుతో లాగాలి, దాని దిగువన ఎవరూ నిలబడకూడదు. ట్రైలరు మీద ఇరుసుకు కాస్త ముందుకు ఉంచాలి. వెనక్కి పెడితే ట్రైలరు తోకాడిస్తుంది. అడుగున రబ్బరు చాప. చక్రాలకు బ్రేకులున్నా నమ్మకుండా, పెట్టెను కాస్త లేపి చట్రం కింద చెక్కదిమ్మలు పెట్టి, చక్రాల మీద బరువు లేకుండా చెయ్యాలి. దానికి ఆమె పెట్టిన పేరు 'చక్రాలకు విశ్రాంతి దినం'. పరుగెత్తడానికి పుట్టినదానికి ప్రయాణంలో విశ్రాంతి ఇవ్వాలట. అప్పుడు నాలుగు ఉంగరాల నుంచి నాలుగు మూలలకు, ఒకదానికొకటి ఎదురు లాగేట్టు నాలుగు బెల్టులు. అంచు కోసుకోకుండా బెల్టు ఒరిసే చోట పాత ట్యూబు ముక్కలు. చివరగా దేవదాసు గారు వచ్చేవారు. కళ్లు మూసుకుని, ఎడమచేతి వేలితో ఒక్కో బెల్టును మీటి వినేవారు. నాలుగూ ఒక్క శ్రుతిలో పలికేదాకా మమ్మల్ని వదిలేవారు కాదు. చెయ్యి పోయిన వాద్యకారుడికి దేవుడు నాలుగు తీగలు తిరిగి ఇచ్చాడని నేను మనసులో అనుకునేదాన్ని.

ఇవన్నీ అయ్యాక ప్రార్థన. ప్రార్థన ముందే చేసేసి కట్టులో బద్ధకిస్తే ఆమెకు ఒళ్లు మండేది. "నీ వంతు కట్టు కట్టి, అప్పుడు ఆయన వంతు అడుగు" అనేవారు. కొంత దూరం పోయాక బండి ఆపి బెల్టులు మళ్లీ చూడమనేవారు. మొదటి కుదుపులకి సామాను సర్దుకుని బెల్టు వదులవుతుంది. "బయల్దేరేటప్పుడు అందరికీ భక్తే. దారిలో ఆగి చూసుకునేవాళ్లెంతమంది?"

ఇక ఆ పామాయిల్ మిల్లు సంగతి. జంగారెడ్డిగూడెం అవతల ఒక మిల్లులో నూనె పిండే ప్రెస్సు ఆగిపోయింది. బేరింగు ఇరుసుకు కరుచుకుపోయి ఊడి రావడం లేదు. కొత్త బేరింగు వాళ్ల దగ్గరుంది గానీ, పాతదాన్ని లాగే పుల్లరు మా మందసంలో ఉంది. పామాయిల్ గెల కోశాక ఆగదు. త్వరగా మిల్లులో పడకపోతే పండు మగ్గి నూనె చెడిపోతుంది. కోసిన గెలలతో రైతుల ట్రాక్టర్లు గేటు బయట బారు కట్టాయని మిల్లు ఇంజినీరు గారు ఫోన్లో గాభరాగా చెబుతున్నారు. సరిగ్గా ఆ వారమే కరుణమ్మ గారికి కంటి ఆపరేషన్ అయింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ. దుమ్ములోకి వెళ్లకూడదు, బరువెత్తకూడదు.

"మా ఎస్తేరు వస్తుందండి" అన్నారామె ఫోన్లో.

అవతల గొంతు నాకూ వినిపించింది. "ఆడపిల్లాండీ? అమ్మా, ఎవరైనా గట్టి మనిషిని పంపించండి. మెట్టరోడ్డు అసలే బాగోలేదు, దారిలో పెట్టె తిరగబడితే మా గతేంటి? కనీసం పెట్టె పట్టుకోడానికైనా ఓ మగాణ్ణి వెనకాల కూర్చోబెట్టండి."

"పట్టుకునేవాళ్లు కావాలంటే మీ దగ్గరే చాలామంది ఉన్నారు కదండీ. కట్టేవాళ్లే లేరు. పంపిస్తున్నా" అని ఆమె ఫోన్ పెట్టేశారు. పెట్టేశాక మాత్రం ఒంటికంటితో నన్ను చూసి, మెల్లగా అన్నారు: "ఈ పెట్టె చెక్కుచెదరకుండా చేరాలే ఎస్తేరూ. అది పడిందంటే ఆ రైతుల పంటా పోద్ది, రేపట్నుంచి నిన్నెవరూ పిలవరు. నేను నీకు ఇవ్వగలిగింది ఈ మందసమొక్కటే."

నేనే కట్టాను. ఆమె కనపడని కంటికి బదులు చేతులతో బెల్టులన్నీ తడిమి చూశారు. దేవదాసు గారు నాలుగూ మీటి, మూడోదాని దగ్గర ఆగి, "ఒక్క పన్ను" అన్నారు. ఎక్కించాను. తలూపారు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ గ్రీజు మరక నా పాపిట్లో రెండు రోజులుంది.

తాడేపల్లిగూడెం దాటాక ఆపి బెల్టులు చూశాను. ఒకటి కాస్త వదిలింది, బిగించాను. నల్లజర్ల దగ్గర వీర్రాజు గారి బావమరిది సత్తిబాబు చెయ్యెత్తాడు. అతనూ జంగారెడ్డిగూడెమే వెళ్లాలి. "మీకెందుకండీ ఇబ్బంది, ఎనకాల పెట్టె పక్కన కూకుంటాను. దాన్ని పట్టుకుని కూకుంటే మీకూ ధైర్యం" అని అప్పుడే ట్రైలరు మీద ఒక కాలు వేశాడు.

"దిగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అచ్చం ఆమె గొంతు.

"అదేంటండీ, నేనేమన్నా టిక్కెట్టడిగానా!"

"ముందు కూర్చోండి సత్తిబాబు గారూ. ఇరుకైతే ఇరుకు. పెట్టె పక్కన మాత్రం మనిషి ఉండకూడదు."

"ఎక్కరా బావా, ఎక్కు" అన్నాడు వీర్రాజు గారు. "ఆ పెట్టెతో పెట్టుకోకు. దానికి ఉజ్జా అని ఒకడు బలైపోయాడు."

"ఏ ఊరోడండీ?" అన్నాడు సత్తిబాబు ముందు సీట్లో నన్ను తలుపుకు అదుముతూ. నేను నవ్వాపుకోలేకపోయాను. దారి పొడవునా ఆ కథ చెప్పాల్సి వచ్చింది.

మెట్ట మొదలయ్యాక రోడ్డుకు రెండువైపులా జీడితోటలు, పామాయిల్ తోటలు. ఒక మలుపులో తోటలోంచి గెలల లారీ ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. వీర్రాజు గారు బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు జారింది. వెనక ట్రైలరు మమ్మల్ని ఒక్క తోపు తోసింది. లారీ మమ్మల్ని తప్పించి పక్కనుంచి పోబోయి, మా వైపు చక్రాలు గుంతలోకి దింపింది. ఎత్తుగా పేర్చిన లోడు మా మీదికి వంగింది. పైనున్న గెలలు జారడం నేను అద్దంలో చూశాను. ఒక్కో గెల చిన్నపాటి బస్తా అంత ఉంటుంది, ఒళ్లంతా ముళ్లు. దబదబా రోడ్డు మీద పడ్డాయి. రెండు మాత్రం మా ట్రైలరు మీద పడ్డాయి. నా నోట "ప్రభువా" అన్నమాట తప్ప ఏదీ రాలేదు.

అంతా ఆగాక దిగాం. దుమ్ము తగ్గింది. పెట్టె పక్కన, సరిగ్గా సత్తిబాబు కాలు వేసిన చోట, చిట్లిన గెల ఒకటి ఎర్రటి పళ్లు చిమ్మి పడి ఉంది. పెట్టె పక్కరేకు సొట్టపోయింది. సత్తిబాబు ఆ గెలను చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు, మళ్లీ గెలను చూశాడు. నేను నెమ్మదిగా చెయ్యి చాపి బెల్టును మీటాను. ధుమ్. రెండోది. మూడోది. నాలుగోది. నాలుగూ ఒక్క శ్రుతి! చెక్కదిమ్మ ఒక్కటి కూడా జరగలేదు.

"కదల్లేదండి అమ్మాయిగారూ!" అని అరిచాడు వీర్రాజు గారు. "మందసం కదల్లేదండోయ్!"

"స్తోత్రం!" అన్నాను. "స్తోత్రమండి!" అన్నాడు సత్తిబాబు గట్టిగా, ఎవరూ అడక్కుండానే. లారీ డ్రైవరు దండం పెడుతూ వస్తే, గెలలు ఎక్కించడంలో అందరం తలో చెయ్యీ వేశాం. మా ట్రైలరు మీద పడ్డ రెంటినీ వీర్రాజు గారు ఇవ్వలేదు. జీపులో వేసుకుని, మిల్లు గేటు దగ్గర దించుతూ, "బోణీ మేమే తెచ్చామండి, ఇక తిప్పండి మిల్లు" అన్నాడు. మిల్లు ఇంజినీరు గారు పరుగున వచ్చి ముందు పెట్టె చుట్టూ చూశారు. "వెనకాల కూర్చున్న మనిషేడండీ?" అన్నారు. "ఉంగరాలున్నాయండి" అన్నాను. సొరుగులు లాగితే ఏ స్పానరు ఏ గూట్లో పెట్టానో ఆ గూట్లోనే ఉంది. పుల్లరు బిగించాం. వేడి చేశాం. మొండికేసిన బేరింగు చివరికి 'టప్'మని ఊడొచ్చినప్పుడు గేటు బయట రైతులు ఈలలేశారు. సాయంత్రం వెలుగుండగానే ప్రెస్సు తిరిగింది. ట్రాక్టర్ల బారు కదిలింది. మొదటి నూనె ధార నారింజరంగులో దిగుతుంటే నాకు మిర్యాము తంబుర పట్టుకుని ఆడినంత ఆనందమైంది.

కరుణమ్మ గారికి ఫోన్ చేశాను. ఆమె మొదటి మాట నా క్షేమం గురించి కాదు.

"మందసం పలికిందా?"

"నాలుగూ పలికాయండి. ఒక సొట్ట పడింది."

"సొట్టేగా!" అన్నారు. అంతలోనే గొంతు పూర్తిగా మారిపోయింది. "వెనకాల ఎవరూ లేరుగా?"

జరిగిందంతా చెప్పాను. ఆమె ఏడుస్తున్నారని తెలుస్తోంది. కంటికి ఆపరేషన్ అయింది, ఏడవకూడదని డాక్టరు చెప్పారని గుర్తు చేశాను. "ఇది ఏడుపు కాదే, పిచ్చిదానా" అన్నారు. వెనక దేవదాసు గారు ఎడమచేత్తో స్టూలు మీద దరువేస్తున్న చప్పుడు వినిపించింది. నేను విన్న ఆయన మొదటి వాయింపు అదే. ఆ తర్వాత ఆయన మళ్లీ చర్చిలో కూర్చున్నారు, ఒంటిచేత్తో డోలక్ పట్టుకుని. మా సంఘం ఆ ఆదివారం పాడినట్టు మళ్లీ ఎప్పుడూ పాడలేదు.

ఆ సొట్టను ఆమె తియ్యనివ్వలేదు. ఇప్పటికీ ఉంది.

ఆమె పోయినప్పుడు, సమాధుల తోట చర్చికి దూరంగా ఉందని, సంఘంవాళ్లు పూలతో అలంకరించిన బండి తెచ్చారు. శవపేటికను ఎక్కించబోతుంటే దేవదాసు గారు ముందుకొచ్చి అడ్డం నిలబడ్డారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "బండి వద్దు" అన్నారు. "మందసాన్ని భుజాల మీద మొయ్యాలి." సంఘంవాళ్లు బండిని పక్కకు తోసేశారు. మా ఊళ్లో ఆడవాళ్లు పేటిక మోయడం అంతకుముందు నేను చూడలేదు. నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. సంఘపు పెద్దాయన ఒక్క క్షణం నన్ను చూసి, పక్కకు జరిగి చోటిచ్చారు. నా వెనక వీర్రాజు గారు తువ్వాలు మడిచి భుజాన వేసుకుంటూ, "నా భుజం కూడానండీ" అన్నాడు. నేను అలవాటుగా పేటిక పిడి మీద చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను. పిడి మోయడానికి కాదు. వంగి భుజం పెట్టాను. లేచాం. డోలక్ మోగింది. ఆ దరువుకి అడుగులు కలుపుతూ, పునరుత్థానపు పాటలు పాడుకుంటూ, కాలువ పొడవునా ఆమెను విజయోత్సాహంతో తీసుకెళ్లాం. ఎవరి కాలూ జారలేదు. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టాల్సిన పని రాలేదు.

ఆ బరువు నా కుడి భుజం మీద ఇంకా ఉంది. దించమని నేను ఎన్నడూ ప్రార్థించలేదు. ఈ ఉదయం ఉప్పాడకు బయల్దేరాం, అక్కడ ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరు ఆగిపోయింది. కొత్త డ్రైవరు బండి తీస్తూ, "వెనకాల పెట్టె పట్టుకోడానికి ఎవరినైనా ఎక్కించుకుందామాండీ?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో దారిలో చెబుతానన్నాను. లాకులు దాటాక బండి ఆపించి, ట్రైలరు దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే మీటాను. ఈసారి అతనూ దిగి వచ్చి, నా పక్కన నిలబడి, చెవి ఒగ్గాడు.

నాలుగూ పలికాయి.